ఉపగ్రహానికి కనిపించని బురద

రెండేళ్ళకోసారి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నివేదిక వస్తుంది. అందులో మన మడ అడవులకు ఒక అంకె ఉంటుంది. 2021 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవి 405 చదరపు కిలోమీటర్లు. అంకె పెరిగితే అటవీ శాఖ ప్రకటన ఇస్తుంది, తగ్గితే పత్రికలు సంపాదకీయం రాస్తాయి. ఆకాశం నుంచి అడవిని కొలిచే ఈ విద్యకూ మా సికింద్రాబాద్‌కూ చుట్టరికం ఉంది. జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1970లలో మొదలైంది ఈ ఊళ్ళోనే, సర్దార్ పటేల్ రోడ్డులో. ఉపగ్రహం పచ్చటి ఆకును చూస్తుంది, నీటిని చూస్తుంది, రెండేళ్ళలో గట్టు ఎంత జరిగిందో కూడా చెప్పగలదు. చెట్టు వేళ్ళు దిగిన బురదలో సీసం ఎంతుందో, నూనె ఎంత ఇంకిందో మాత్రం చెప్పలేదు.

మడ అడవుల కాలుష్యం మీద మనవాళ్ళూ బయటివాళ్ళూ చేసిన పనిని ఒకచోట పెట్టుకుని చదివితే నాకు తేలింది ఇది: అభయారణ్యం అని గీత గీసిన చోట మనం చెట్టును కాపాడుతున్నాం. ఆ చెట్టు నిలబడ్డ నేలను అసలు లెక్కలోకే తీసుకోవడం లేదు. కాలుష్యం పోగుపడేదేమో ఆ నేలలోనే.

తెలుగు నేల మీద ఇలాంటి రక్షిత మడ అడవులు ప్రధానంగా రెండు. గోదావరి డెల్టాలో కోరంగి అభయారణ్యం, 1978లో ప్రకటించింది, 235.7 చదరపు కిలోమీటర్లు. కృష్ణా డెల్టాలో కృష్ణా అభయారణ్యం, 1989 నాటిది, దాదాపు 195 చదరపు కిలోమీటర్లు. సికింద్రాబాద్ వాళ్ళకు కోరంగి మరీ దూరమేమీ కాదు. రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ. అక్కణ్ణుంచి యానాం రోడ్డులో చొల్లంగి, అమావాస్య నాడు సప్తసాగర యాత్రికులు మునకలు వేసే ఊరు. ఆ పక్కనుంచే అడవి మొదలవుతుంది. తెల్లమడ, నల్లమడ, తిల్ల, కళింగ, ఉప్పుపొన్న చెట్లు. తూర్పున హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక మేట సముద్రానికి అడ్డం పడి కాకినాడ అఖాతాన్ని సగం చెరువుగా మార్చేసింది. లోపల అలల జోరు ఉండదు. నీటిలో తేలుతూ వచ్చిన సన్నటి ఒండ్రు అక్కడ నింపాదిగా అడుగుకు చేరుతుంది. మడ చెట్లకు కావలసిందీ అదే, కాలుష్యానికి కలిసొచ్చేదీ అదే.

ఈ బురదను పరిశోధకులు ఎలా తీస్తారో చూస్తే విషయం సగం అర్థమవుతుంది. పాటు సమయంలో, నీరు తీసిపోయినప్పుడు, మోకాలి లోతు దిగబడుతూ వెళ్ళి ఒక పీవీసీ గొట్టాన్ని నిటారుగా నేలలోకి దించుతారు. పైమూత బిగించి మెల్లగా లాగితే లోపలి మట్టి స్తంభంలాగా పైకి వస్తుంది. పొడవునా కోసి చూస్తే పైన పల్చటి గోధుమరంగు పొర. దాని కింద నుంచి నలుపు, కుళ్ళిన గుడ్డు వాసన. ముక్కలు ముక్కలుగా కోసి, ఆరబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడ పట్టి, సన్నటి భాగాన్ని ఆమ్లంలో కరిగించి యంత్రానికిస్తారు. లోహాలు ఎక్కువగా అంటుకునేది ఆ సన్నటి బంకమన్నుకే. అడుగు పొరలు పాతవి, పై పొరలు కొత్తవి. సీసం-210 అనే రేడియోధార్మిక రూపం 22 ఏళ్ళకోసారి సగానికి పడిపోతుంది కాబట్టి, ఏ పొర ఏ కాలానిదో సుమారుగా లెక్క కట్టవచ్చు. ఏ రికార్డు గదిలోనూ దొరకని నూరేళ్ళ కాలుష్య చరిత్ర ఒక గొట్టంలో పడుతుంది.

ఆ నలుపూ ఆ వాసనా ఊరికే రాలేదు. మడ బురదలో ఆకూ అలమూ కుళ్ళి ప్రాణవాయువును తినేస్తాయి. గాలి అందని చోట కొన్ని సూక్ష్మజీవులు సముద్రపు నీటిలోని సల్ఫేటుతో ఊపిరి పీల్చుకుని సల్ఫైడును వదులుతాయి. ఆ సల్ఫైడు ఇనుముతో కలిస్తే నలుపు. రాగి, సీసం, జింకు, కాడ్మియం వస్తే వాటినీ పట్టుకుని కరగని రూపంలో బిగిస్తుంది. అందుకే మడ అడవి సముద్రానికి వడపోతలాగా పనిచేస్తుందని అంటారు. మాట నిజమే. కానీ వడపోత అనగానే మురికి ఎటో పోయిందనిపిస్తుంది. ఇక్కడ ఎటూ పోలేదు, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు అక్కడే ఉంది. బురద తడిగా, గాలి తగలకుండా, కదపకుండా ఉన్నంతకాలమే ఆ తాళం నిలుస్తుంది.

పైనున్న గోధుమరంగు పొర వ్యవహారం వేరు. గాలి తగిలే ఆ పొరలో లోహాలు వదులుగా ఉంటాయి. పీతలు బొరియలు తవ్వుతూ కింది మట్టిని పైకి తెస్తాయి, మడ వేళ్ళు తమ చుట్టూ కాస్త ప్రాణవాయువును వదులుతాయి. బెల్జియం శాస్త్రవేత్తలు ఆంధ్రా యూనివర్సిటీ వాళ్ళతో కలిసి గోదావరి మడ అడవుల్లో ఎవరు ఏం తింటున్నారో కార్బన్ ఐసోటోపులతో లెక్క తీశారు. 2000, 2002లలో అచ్చయిన ఆ పత్రాల ప్రకారం నత్తలకూ పీతలకూ ముఖ్యమైన తిండి రాలిన మడ ఆకేనన్న పాత నమ్మకం పూర్తిగా నిలవలేదు. బురద పైపొర మీదా నీటిలోనూ పెరిగే సన్నటి నాచుదే పెద్ద వాటా. కాలుష్యం కోణంలో ఈ సంగతికి చాలా విలువ ఉంది. మండపీత, గుల్ల, రొయ్య ద్వారా మన కంచం దాకా ఏదైనా రావాలంటే దానికి దారి ఆ పైపొరే. మీటరు లోతున ఎంత సీసం ఉందన్నదానికన్నా పై రెండు సెంటీమీటర్లలో ఏ రూపంలో ఎంత ఉందన్నదే ముందు అడగాల్సిన ప్రశ్న.

ఇక కొలతల సంగతి. గోదావరి మడ అడవుల బురద మీద పరిశోధనలు లేకపోలేదు. ఆంధ్రా యూనివర్సిటీ బృందం లోహాల ఆధారంగా ఈ అడవుల స్థితిని అంచనా కట్టిన పత్రం 2006లో వచ్చింది. ఆ తర్వాతా చాలామంది రాశారు. చిక్కేమిటంటే వీటిలో ఎక్కువ భాగం ఒకటి రెండు రుతువుల్లో, కొన్ని చోట్ల తీసిన నమూనాలు. ఒకరు తీసిన చోట మరొకరు తీయరు, ఒకరు కరిగించిన పద్ధతిలో మరొకరు కరిగించరు. ఇరవై ఏళ్ళ పత్రాలు పక్కపక్కన పెట్టినా, కోరంగి బురద బాగుపడుతోందా పాడవుతోందా అన్న సాదా ప్రశ్నకు గట్టి జవాబు రాదు.

అంతకన్నా పెద్ద చిక్కు, దేనితో పోల్చాలి అన్నది. మన దేశానికి సొంతంగా అవక్షేపాల, అంటే నీటి అడుగు మట్టి, నాణ్యతా ప్రమాణాలు లేవు. కాబట్టి పరిశోధకులు రెండు పరాయి కొలబద్దలు వాడుతుంటారు. ఒకటి 1961లో టురేకియన్, వెడెపోల్ ఇచ్చిన ప్రపంచ షేల్ రాయి సగటు. దాని ప్రకారం రాగి మిలియనుకు 45 భాగాలు, సీసం 20, జింకు 95. రెండోది 1995లో అమెరికాలో లాంగ్ బృందం ఇచ్చిన పట్టిక. అందులో జీవులకు హాని మొదలయ్యే రాగి మోతాదు 34. అంటే ప్రపంచంలోని మామూలు రాయి కూడా అమెరికా పట్టికలో పాసు కాదు! ఇక మన గోదావరి సంగతి చెప్పేదేముంది. దాని పరీవాహకంలో సుమారు సగం దక్కన్ నల్లరాతి మీద ఉంది. ఆ బసాల్టులో రాగి సహజంగానే మిలియనుకు 100 భాగాలు దాటుతుంది. ఆ రాయి అరిగి రేగడి అయి, రేగడి ఒండ్రు అయి కోరంగికి చేరుతుంది. ఫ్యాక్టరీ అన్నది పుట్టకముందు బురద తీసి చూసినా రాగి, నికెల్, క్రోమియం ‘ఎక్కువే’ కనిపించేవి.

ఈ సంగతి పట్టించుకోకుండా కాలుష్య సూచికలు కట్టి, ‘తీవ్రంగా కలుషితం’ అని రంగులు పూసిన పత్రాలను నేను అనుమానంతోనే చదువుతాను. అయితే ఇదే వాదాన్ని తిరగేసి, ‘అదంతా రాతి నుంచి వచ్చిందేలెండి’ అని చేతులు దులుపుకొనేవాళ్ళను ఇంకా ఎక్కువగా అనుమానించాలి. దీనికి విరుగుడు ఉంది. లోహాన్ని అల్యూమినియంతో నిష్పత్తిగా చూస్తే మట్టి సన్నదనం వల్ల వచ్చే తేడా పోతుంది. అదే చోట లోతు పొరలోని పాత మట్టినే ప్రమాణంగా పెట్టుకుంటే రాతి వాటా తేలిపోతుంది. 1979లో టెసియర్ బృందం చూపిన అంచెలంచెల కరిగింపు పద్ధతిలో, రాతిలో బిగుసుకున్న లోహం ఎంత, వదులుగా ఉండి జీవుల ఒంట్లోకి పోగలిగింది ఎంత అన్నది వేరు చేయవచ్చు. కాడ్మియం, సీసం, పాదరసం విషయంలో నల్లరాయిని సాకుగా చెప్పడం కుదరదు, ఆ రాయిలో అవి తక్కువే.

కాలుష్యం ఎక్కణ్ణుంచి వస్తుందన్న దగ్గర సికింద్రాబాద్ వాళ్ళం కాస్త మన వీధి వైపు చూసుకోవాలి. పికెట్ నాలా హుస్సేన్ సాగర్‌లో కలుస్తుంది. జీడిమెట్ల, బాలానగర్ పరిశ్రమల మురుగు ఏళ్ళ తరబడి కూకట్‌పల్లి నాలాలో వచ్చి అదే సాగర్‌లో దిగింది. సాగర్ పొంగు మూసీలోకి, మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలోకి, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలోకి. అక్కడే కృష్ణా అభయారణ్యం. పటాన్‌చెరు పరిశ్రమల శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్‌కు చెందిన లార్సన్ బృందం 2007లో ప్రచురిస్తే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. ఆ జాతి మందులకు బంకమన్నుకు గట్టిగా అతుక్కునే గుణం ఉంది.

అలాగని ఇక్కడి మురికంతా హంసలదీవి మడల్లో తేలుతుందని రాస్తే అది అతిశయోక్తి. దారిలో 1963 నాటి మూసీ ప్రాజెక్టు ఉంది, ఆ తర్వాత పులిచింతల, ఆపైన ప్రకాశం బ్యారేజీ. బురదలో చాలా భాగం ఆ జలాశయాల అడుగునే ఆగిపోతుంది. 2020 అక్టోబరు లాంటి వరదలో గేట్లన్నీ ఎత్తినప్పుడు సన్నటి మన్ను ఎంత దూరం పోతుందన్నది మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం. మన ఊరి బాధ్యత ఉంది, కానీ ఎక్కువ బాధ్యత అడవి పక్కవాళ్ళదే.

ఆ పక్కవాళ్ళెవరు? కాకినాడ అఖాతం ఒడ్డున ఓడరేవు, ఎరువుల కర్మాగారాలు, వంటనూనె శుద్ధి కర్మాగారాలు, చేపల రేవు, ఒక నగరం మురుగు. రేవు లోతు నిలబెట్టడానికి అడుగు మట్టిని తవ్వుతూనే ఉండాలి. గాడిమొగ దగ్గర 2009 నుంచి కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ సహజవాయువు ఒడ్డుకు చేరే టెర్మినల్. ఇవేవీ అభయారణ్యం గీత లోపల లేవు. చట్టం దృష్టిలో అన్నీ గీత బయటే. పోటు నీళ్ళు రోజుకు రెండుసార్లు ఆ గీతను దాటి వస్తాయి, పోతాయి.

రొయ్యల చెరువుల కథ మాత్రం ఆగి చెప్పుకోవాలి. తాళ్ళరేవు, ఐ.పోలవరం, కాట్రేనికోన మండలాల్లో అడవిని ఆనుకుని చెరువులే చెరువులు. 1990లలో టైగర్ రొయ్య ఊపు, తెల్లమచ్చ వైరస్ దెబ్బ, 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009 తర్వాత వనామీ రొయ్య. పట్టుబడి అయ్యాక చెరువును ఎండగడతారు. మిగిలిన మేత, రొయ్య పెంట, పొరలుగా పేరుకున్న నల్లటి సన్నటి మట్టి నీటితో కలిసి కాలువలోకి పోతుంది. కాలువ ఏటిలోకి, ఏరు మడలోకి. అది లోహాల మాట అటుంచి, ముందు నత్రజని, భాస్వరం, సేంద్రియ పదార్థం. నాచు చంపడానికి కాపర్ సల్ఫేట్ వాడితే రాగి కూడా. నియమం ప్రకారం తీర నియంత్రణ పరిధిలో 5 హెక్టార్లూ ఆపైన నీటి విస్తీర్ణం ఉన్నవాళ్ళే శుద్ధి ఏర్పాటు పెట్టుకోవాలి. గోదావరి జిల్లాల్లో రెండెకరాల, మూడెకరాల రైతులే ఎక్కువ. ఒక్కొక్క చెరువుగా చూస్తే ఎవరిదీ తప్పు కాదు, ఒక ఏటి పొడవునా కలిపి చూస్తే పెద్ద ఫ్యాక్టరీ. చిన్న రైతును దోషిగా నిలబెట్టాలని కాదు. ఏటికొక ఉమ్మడి శుద్ధి చెరువు కట్టించడం ప్రభుత్వం చేయాల్సిన పని, ఒంటరి రైతు వల్ల అయ్యేది కాదు.

పై నుంచి వచ్చే మంచి మట్టి తగ్గిపోవడం మరో దెబ్బ. ఆంధ్రా యూనివర్సిటీ ఆచార్యులు హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో చూపిన లెక్క ప్రకారం గోదావరి మోసుకొచ్చే ఒండ్రు 1971-79 మధ్య 150.2 మిలియన్ టన్నులుంటే 1990-98 నాటికి 57.2 మిలియన్ టన్నులకు పడిపోయింది. కారణం ఎగువ ఆనకట్టలు. వాళ్ళు దీన్ని తీరం కోతకు ముడిపెట్టారు, అది సరైనదే. నేను ఇంకో మాట కలుపుతాను. కొత్త ఒండ్రు పాత మురికిని పలచన చేస్తుంది, కప్పి లోతుకు తోస్తుంది. ఒండ్రు దాదాపు మూడో వంతుకు తగ్గి, కాకినాడ మురుగు మాత్రం పెరుగుతూ పోతే, కిలో బురదలో పడే మురికి వాటా పెరగక తప్పదు.

చెట్లు కొట్టడం కూడా కాలుష్యమేనని మనవాళ్ళకు ఇంకా పట్టలేదు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ళ స్థలాల కోసం మడలను కొట్టి చదును చేశారు, వ్యవహారం నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. వాదనంతా ఎన్ని ఎకరాలు, అది అడవి కిందికి వస్తుందా రాదా అన్నదాని చుట్టూనే తిరిగింది. మడను కొట్టి నేలను ఆరబెడితే లోపలి సల్ఫైడుకు గాలి తగులుతుంది, అది ఆమ్లమవుతుంది, దశాబ్దాలుగా బిగిసి ఉన్న లోహాలు కరిగి మొదటి వానకే ఏటిలోకి దిగుతాయి. అందుకే కొట్టిన స్థలం విస్తీర్ణం ఒక్కటే నష్టం కాదు. రేవు కోసం తవ్వినా, చెరువు కోసం తవ్వినా, పైపు కోసం తవ్వినా ఇదే జరుగుతుంది.

నూనె సంగతి చెప్పాలంటే పనామా వెళ్ళాలి. 1986 ఏప్రిల్‌లో అక్కడి బహియా లాస్ మినాస్ దగ్గర ఒక శుద్ధి కర్మాగారం ట్యాంకు పగిలి 80 లక్షల లీటర్ల ముడి చమురు మడల్లోకి పోయింది. పక్కనే స్మిత్సోనియన్ వాళ్ళ గలేటా పరిశోధనా కేంద్రం ఉండటంతో, ఆ ప్రమాదాన్ని వాళ్ళు ఏళ్ళ తరబడి వెంబడించి చదివారు. నీటి మీది నూనె వెళ్ళిపోయింది, కొత్త మొక్కలూ వచ్చాయి. కానీ బురదలో చిక్కిన నూనె ప్రతి పోటుకూ పాటుకూ కొద్దికొద్దిగా ఊరుతూనే ఉంది. లోతు బురదలో విషం కనీసం 20 ఏళ్ళు ఉండవచ్చని 1993లో తేల్చారు. మన పొరుగునే సుందర్‌బన్స్‌లో, 2014 డిసెంబరు 9న బంగ్లాదేశ్ షెలా నదిలో నూనె ఓడ మునిగినప్పుడు ఊరివాళ్ళు స్పాంజీలతో, గిన్నెలతో ఫర్నేస్ ఆయిల్ ఎత్తారు. అది డాల్ఫిన్ల అభయారణ్యం. హాంకాంగ్‌లో మై పో చిత్తడి నేల 1995 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తించిన ప్రదేశం, ఎంతో శ్రద్ధగా కాపాడుతున్న చోటు. అయినా షెంజెన్ నది తెచ్చే లోహాలను దాని కంచె ఆపలేకపోయింది. ఒక తేడా మాత్రం ఉంది: అక్కడ బురదను వరసగా కొలుస్తూ వచ్చారు కాబట్టి ఏం జరుగుతోందో వాళ్ళకు తెలుసు.

మన చట్టాల్లో మడకు చోటు లేదని అనలేం. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ మడలను అత్యంత సున్నిత తరగతిలో పెట్టింది. వెయ్యి చదరపు మీటర్లు దాటితే చుట్టూ 50 మీటర్ల జాగా వదలమంది. యాభై మీటర్లు బుల్‌డోజరును ఆపుతాయి, కాలువ నీటిని ఆపలేవు. 2023లో కేంద్రం మిష్టీ పథకం తెచ్చి తీర రాష్ట్రాల్లో, కేంద్రపాలిత ప్రాంతాల్లో దాదాపు 540 చదరపు కిలోమీటర్ల మడను పెంచుతామంది. మంచిదే. మళ్ళీ అదే చదరపు కిలోమీటరు. నేలను ముందు చదివి పని చేసిన అనుభవం మనకు లేక కాదు. 1997 తర్వాత ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ గోదావరి, కృష్ణా డెల్టాల్లో పాడైన మడలను బాగు చేసినప్పుడు, మొక్క పాతేముందు మట్టిలో ఉప్పెంతో చూశారు. పోటు నీరు రాక ఉప్పు పేరుకున్న చోట చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి నీటిని లోపలికి రానిచ్చారు. ఊళ్ళవాళ్ళే ఆ కాలువలు తవ్వారు, తర్వాత కాపలా కాశారు. ఉప్పును చూసినట్టే సీసాన్నీ నూనెనూ చూడటానికి అడ్డేమిటో నాకు అర్థం కాదు.

దీనికి కావలసిన చదువు గానీ యంత్రాలు గానీ బయటినుంచి తెప్పించుకోనక్కర్లేదు. తార్నాక దాటితే జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ ఉంది, 1961 నుంచి. అక్కడి పి.కె. గోవిల్ బృందం పటాన్‌చెరు నేలలో లోహాలను కొలిచి 2001లోనే ప్రచురించింది. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ (ఎన్ఐఓ) ప్రాంతీయ కేంద్రం ఉంది. చేయాల్సింది ఇంతే: కోరంగిలోనూ కృష్ణా అభయారణ్యంలోనూ మారని చోట్లు కొన్ని ఎంచుకుని, రెండేళ్ళకోసారి వానలకు ముందూ తర్వాతా బురద తీయాలి. ఒకే పద్ధతిలో కొలవాలి. దక్కన్ నల్లరాతిని లెక్కలోకి తీసుకున్న సొంత ప్రమాణం ఒకటి గోదావరికీ కృష్ణకూ విడివిడిగా తయారు చేయాలి. ఫలితాలను అడవి విస్తీర్ణం అచ్చువేసే పేజీలోనే అచ్చువేయాలి. రేవు తవ్వకానికైనా కొత్త కర్మాగారానికైనా అనుమతి అడిగేవాళ్ళను ముందు ఈ పేజీ చూపించమనాలి. ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ, రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ళు కలిసి కూర్చుంటే వచ్చే నివేదిక నాటికే మొదలుపెట్టగలిగిన పని ఇది. ఎగువన ఉన్నాం కాబట్టి తెలంగాణ మండలి తనకు సంబంధం లేదనకూడదు.